జీతగాళ్లు లేని పురపాలన: పాత స్కాట్లాండ్ పట్టణ సభలు ఎలా నడిచాయి

స్కాట్లాండ్ పట్టణ సభల పాత తీర్మానాల పుస్తకాలు తిరగేస్తే రాజులూ యుద్ధాలూ అరుదుగా తగులుతాయి. వీధిలో పేడకుప్ప తీయని ఇంటాయన, తూకం తగ్గిన రొట్టె, పక్కింటివాడి స్థలంలోకి జరిపి కట్టిన గోడ, సంత గంట మోగకముందే ఊరి బయట సరుకు కొనేసిన దళారి, ఇలాంటివే పేజీల నిండా ఉంటాయి. అబర్దీన్ పుస్తకాలు 1398 నుంచి దాదాపు వరుసగా మిగిలాయి. 15వ శతాబ్దం తొలినాళ్ల సంపుటం ఒకటి మాత్రం పోయింది. మొదట లాటిన్‌లోనూ పోనుపోను స్కాట్స్ భాషలోనూ రాసిన ఆ సంపుటాలు 2013లో బ్రిటన్ తరఫు యునెస్కో ‘మెమరీ ఆఫ్ ది వరల్డ్’ జాబితాలో చేరాయి.

వాటిని చదివేవారికి వెంటనే తట్టే సందేహం ఒకటే: ఇన్ని పనులు ఎవరు చేశారు? సభకు జీతగాళ్లు చాలా తక్కువ. ఒక టౌన్ క్లర్క్, కొద్దిమంది బంట్రోతులు, డప్పు కొట్టేవాడు, గడియారం చూసేవాడు, బడిపంతులు, ఉరితీసే తలారి. ఎడిన్‌బరోలో ఆ తలారికి కూడా రాబడి చాలావరకు మేర రూపంలోనే వచ్చేది. సంతకొచ్చిన పిండి బస్తాల్లోంచి గుప్పెడు చొప్పున తీసుకునే హక్కు అతనిది. పట్టణ సభ స్వయంగా పని చేయదు, చేయిస్తుంది. ఆదాయం వసూలు పాటదారుడి పని, కాపలా ఇంటికొకరి వంతు, శుభ్రత జరిమానా భయం. ఊరు చిన్నదిగా ఉన్నన్నాళ్లూ ఈ ఏర్పాటు బాగానే నడిచింది. ఎందుకు నడిచిందో, ఎక్కడ తెగిందో తెలియాలంటే దాని డబ్బు లెక్క నుంచి మొదలుపెట్టాలి.

రాజు ఇచ్చిన హక్కుపత్రంతో ఏర్పడిన పట్టణాన్ని రాయల్ బరో అనేవారు. 12వ శతాబ్దంలో మొదటి డేవిడ్ కాలంలో బెరిక్, రాక్స్‌బరో, ఎడిన్‌బరో, స్టర్లింగ్ లాంటివి ఇలా వెలిశాయి. చుట్టుపక్కల వ్యాపారం మీద గుత్తహక్కు పట్టణానికి దక్కుతుంది, బదులుగా రాజుకు ఏటా అద్దె కట్టాలి. మొదట్లో ఆ అద్దె ఏయేటికాయేడు మారేది. తర్వాత దాన్ని శాశ్వతంగా ఒక అంకె దగ్గర ఆపేశారు. 1319లో రాబర్ట్ బ్రూస్ అబర్దీన్‌కు ఇచ్చిన పత్రం ప్రకారం ఏడాదికి 213 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు, 1329లో ఎడిన్‌బరోకు 52 మెర్కులు. మెర్కు అంటే 13 షిల్లింగుల 4 పెన్నీలు. రాజు ఈ బేరంలో మునిగిపోయాడనే చెప్పాలి. స్కాట్లాండ్ నాణెం విలువ పడిపోతూ వచ్చి, 1603 నాటికి 12 స్కాట్స్ పౌండ్లు ఒక్క ఇంగ్లీషు పౌండుకు సమానమయ్యాయి. పట్టణం కట్టే అద్దె అంకె మారలేదు గనక అది నామమాత్రమైపోయింది.

తర్వాతి తరాల్లో ఇదే పొరపాటు పట్టణాలే చేశాయి. పట్టణపు ఉమ్మడి ఆస్తిని ‘కామన్ గుడ్’ అంటారు. పొలాలు, మేతబీళ్లు, మిల్లులు, సాల్మన్ చేపల రేవులు, సంత ఆశీలు, దుకాణాల అద్దెలు అన్నీ అందులోవే. దాన్ని ఊరి ఉమ్మడి అవసరాలకే ఖర్చు పెట్టాలనీ, భూములూ మిల్లులూ రేవుల్లాంటి వాటిని మూడేళ్లకు మించి కౌలుకు ఇవ్వరాదనీ 1491లో పార్లమెంటు చట్టం చేసింది. మూడేళ్లకోసారి మళ్లీ పాట పెడితే అద్దె ధరలతోపాటు పెరుగుతుంది, ఆలోచన మంచిదే. కానీ శాశ్వత కౌలుకు ఇస్తే ముందుగా ఒక పెద్ద మొత్తం చేతికొస్తుంది. చేతిలో డబ్బాడని సభ దానికే మొగ్గింది. 1508లో నాలుగో జేమ్స్ అనుమతితో ఎడిన్‌బరో తన బరో మ్యూర్ బీడును అలా ఇవ్వడం మొదలుపెట్టింది. 1551 తర్వాత అబర్దీన్ కూడా భూములనూ చేపల రేవులనూ అదే దారి పట్టించింది. కౌలు తీసుకున్నవారిలో సభలో కూర్చున్న వర్తకులూ వాళ్ల బంధువులూ తక్కువేం కాదు. వందేళ్లు గడిచేసరికి విలువైన భూమి కౌలుదారు వంశానికీ, విలువ కరిగిన అద్దె పట్టణానికీ మిగిలాయి.

మిగతా ఆదాయానికి ఏటా వేలం పాట పెట్టేవారు. సంత ఆశీలు, తూనిక రుసుము, మిల్లు, వంతెన సుంకం దేని పాట దానిదే. ముందుగా డప్పు వేయించి రోజు చెప్తారు. ఆ రోజు టోల్‌బూత్‌లో, అంటే సభ భవనంలో, షరతులు చదువుతారు. ఇసుక గడియారం తిప్పి, ఇసుక అయిపోయేలోపు ఎవరు పైపాట పాడితే వారికి ఖరారు చేయడం స్కాట్లాండ్ వేలాల్లో మామూలు పద్ధతి. పాటదారుడు పూచీదారుణ్ని చూపించాలి, సొమ్ము వాయిదాల్లో కట్టాలి. సొంత బర్జెస్‌ల నుంచి, అంటే పౌరహక్కు ఉన్నవారి నుంచి, ఆశీలు తీసుకోకూడదు. బయటివారి నుంచి పట్టికలో ఉన్న రేటుకు మించకూడదు. తెలుగునాట సంత ఆశీలు పాట చూసినవారికి ఇందులో చాలావరకు కొత్తగా అనిపించదు. దెబ్బతినే చోట్లు కూడా అవే: పాటదారుడు నష్టం పూడ్చుకోవడానికి ఎక్కువ వసూలు చేయడం, పూచీదారుడు చేతులెత్తేయడం. ప్లేగు వచ్చి సంత మూతపడిన ఏడు పాటదారుడు తగ్గింపు అడిగేవాడు, సభ సాధారణంగా ఇచ్చేది. ఇవ్వకపోతే మరుసటేడు పాడటానికి ఎవరూ రారు.

సభలో ఎవరుంటారన్నది ఏటా సెప్టెంబర్ 29న వచ్చే మైకెల్మస్ పండుగ సమయంలో తేలేది. పెద్ద ప్రోవోస్ట్. ఆయన కింద న్యాయం చెప్పే బెయిలీలు ఉంటారు. కోశాధికారి, వర్తక సంఘం పెద్ద అయిన డీన్ ఆఫ్ గిల్డ్, సభ్యులు సరేసరి. 1469 చట్టం ఒక విచిత్రమైన నియమం పెట్టింది: పాత సభ కొత్త సభను ఎన్నుకుంటుంది, పాతా కొత్తా కలిసి అధికారులను ఎన్నుకుంటాయి, అధికారుల ఎన్నికలో ఒక్కో చేతివృత్తికి ఒక్కో ఓటు. ఎన్నికల రోజు జనం గుంపులుగా చేరి గొడవ చేస్తున్నారన్నది చట్టం చెప్పిన కారణం. గొడవ తగ్గిందేమో గానీ, తమను తామే ఎన్నుకునే కొన్ని కుటుంబాల చేతుల్లోకి పట్టణం వెళ్లిపోయింది. వర్తకులకూ చేతివృత్తులవారికీ మధ్య తగవు ముదిరితే ఎడిన్‌బరోలో 1583లో ఆరో జేమ్స్ తీర్పు చెప్పి వృత్తులకు సీట్లు ఇప్పించాల్సి వచ్చింది. అప్పుడు కూడా ఆధిక్యం వర్తకులదే.

సంత దగ్గరే సభ పని అన్నిటికన్నా చిక్కగా ఉంటుంది. పట్టణం బతికేది దాని మీద. గంట మోగాకే అమ్మకం, సంత నడుమ ఉండే ‘మార్కెట్ క్రాస్’ స్తంభం చుట్టూ ఒక్కో సరుకుకు ఒక్కో చోటు. ఊరి బయటే సరుకు కొనేయడం, సంతలో టోకున కొని అదే రోజు ఎక్కువ ధరకు అమ్మడం, రెండూ నేరాలే. వీటికి వేసిన జరిమానాలు పుస్తకాల్లో మళ్లీ మళ్లీ వస్తాయంటే నియమం ఎంత తరచుగా తప్పేవారో తెలుస్తుంది. చలికాలం పొద్దున్నే దారికి ఎదురెళ్లి రైతు దగ్గర గంప దింపించుకునేవాణ్ని కనిపెట్టడానికి సభ దగ్గర మనుషులు లేరు. అందుకే ఫిర్యాదు చేసినవాడికి పట్టుబడిన సరుకులో వాటా ఇచ్చే పద్ధతి చాలాచోట్ల వాడారు.

ధరల విషయంలో రొట్టెకూ బీరుకూ వేర్వేరు లెక్కలు. రొట్టె ధర మారదు, బరువు మారుతుంది. గోధుమ ధర పెరిగితే పెన్నీ రొట్టె చిన్నదవుతుంది. చిల్లర నాణేలు తక్కువగా ఉన్న రోజుల్లో ఇదే తేలిక. గోధుమ ధర చూసి బెయిలీలు బరువు ప్రకటిస్తారు. బేకర్ ప్రతి రొట్టె మీదా తన గుర్తు వేస్తాడు, తక్కువ తూగిందంటే ఎవరిదో తెలిసిపోతుంది. బీరుకు ఇది కుదరదు. పింట్ కొలత మారదు కాబట్టి ధర ప్రకటించాలి, నాణ్యత రుచి చూడాలి. అందుకోసం ప్రమాణం చేయించిన రుచిచూపరులు ఇంటింటికీ వెళ్లేవారు. బీరు కాచేది ఎక్కువగా ఆడవాళ్లే. పట్టణాల పాత చట్టాల ప్రకారం బీరు అమ్మకానికి సిద్ధమైతే కిటికీలోనో గుమ్మం పైనో ఒక కర్ర వేలాడదీయాలి, లేకపోతే 4 పెన్నీల జరిమానా. బీరు చెడ్డదని తేలితే 8 షిల్లింగులు కట్టాలి, లేదా అవమానపు కుర్చీలో కూర్చోవాలి. ఆ బీరులో రెండు వంతులు పేదలకు, మూడో వంతు ధర్మసత్రానికి. చెడ్డ బీరు పేదలకు పంచడం ఏం దయో గానీ, నియమం మాత్రం అదే.

కొలతల సంగతి ఇంతకన్నా కష్టం. దేశం మొత్తానికి నాలుగు మూల కొలతలను నాలుగు పట్టణాలకు అప్పగించారు: పింట్ జగ్గు స్టర్లింగ్‌కు, గుడ్డ కొలిచే ఎల్ ఎడిన్‌బరోకు, బరువు తూచే ‘స్టోన్’ లానర్క్‌కు, ధాన్యం కొలిచే ఫిర్లట్ లిన్లిత్‌గోకు. స్కాట్స్ పింట్ దాదాపు 1.7 లీటర్లు, ఎల్ 37 అంగుళాలు. మిగతా పట్టణాలు వాటికి నకళ్లు తెచ్చుకుని, తమ వ్యాపారుల పాత్రలను వాటితో సరిచూసి ముద్ర వేయాలి. ఫిర్లట్ దగ్గరే అసలు తగాదా. ధాన్యం కొలిచేటప్పుడు శిఖ పోయాలా, అంచు మీద కర్రతో గీసి చదును చేయాలా? శిఖ ఎత్తు పోసేవాడి చేతివాటం మీద ఉంటుంది. 1618లో దీనికొక పరిష్కారం తెచ్చారు. శిఖ మానేసి, అంచుకు గీసి కొలవాలి. గోధుమకు 21¼ పింట్ల ఫిర్లట్, బార్లీ, ఓట్లకు 31 పింట్ల ఫిర్లట్. పూర్వం బార్లీకి, ఓట్లకు శిఖ పోసేవారు గనక, ఆ శిఖను పెద్ద పాత్ర లోపలికే చేర్చేశారన్నమాట. కాగితం మీద చక్కటి లెక్క. ఆచరణలో కౌంటీకో ఫిర్లట్ 19వ శతాబ్దం దాకా బతికింది. మూల కొలతలనైనా జాగ్రత్త చేశారా అంటే, స్టర్లింగ్ జగ్గే కనబడకుండా పోయింది. 18వ శతాబ్దం మధ్యలో అలెగ్జాండర్ బ్రైస్ అనే మతాచార్యుడు పట్టుబట్టి వెతికితే ఒక పనివాడి అటక మీద పాత సామాన్ల మధ్య దొరికింది.

సంత తర్వాత ఎక్కువ పని ఇళ్ల హద్దులది. పట్టణ స్థలాలు వీధి వైపు సన్నగా, వెనక్కి పొడుగ్గా ఉంటాయి. ఒకడు అడుగు జరిగితే ఆ వరస మొత్తానికి తగాదా. ‘లైనర్లు’ అనే ప్రమాణస్థులు తాడు పట్టి కొలిచి, మేకులు దిగ్గొట్టి హద్దు చెప్పేవారు. ఎడిన్‌బరో లాంటి చోట్ల ఈ పని డీన్ ఆఫ్ గిల్డ్ కోర్టు చేతికి వెళ్లింది. ఇంటివాడు కాగితం పట్టుకొస్తాడు, పొరుగువారిని పిలుస్తారు, అందరూ స్థలం దగ్గరికే వెళ్లి చూస్తారు, అభ్యంతరం లేకపోతే అనుమతి. పొరుగువాడి వెలుతురు, చూరు నీళ్లు, ఉమ్మడి గోడ మందం, పడిపోయేలా ఉన్న కప్పు, అన్నీ అక్కడే తేలేవి. గోడల మధ్య ఇరుక్కుపోయిన ఎడిన్‌బరో పైపైకి పెరిగిపోతుంటే, 1698లో పార్లమెంటు కొత్త ఇళ్లు అయిదంతస్తులకు మించరాదని చట్టం చేసింది.

స్థలం చేతులు మారడమూ సభ సమక్షంలోనే జరగాలి. అమ్మేవాడు, కొనేవాడు, బెయిలీ, క్లర్క్, సాక్షులు స్థలం దగ్గరికి వెళ్తారు. అమ్మేవాడు ఆ నేల మట్టినీ రాయినీ బెయిలీ చేతిలో పెడతాడు, బెయిలీ వాటిని కొన్నవాడి చేతికిస్తాడు. వారసుడికైతే తలుపు గొళ్లెమూ కొక్కీ పట్టిస్తారు. క్లర్క్ దాన్ని తన పుస్తకంలోకి ఎక్కిస్తాడు. ఆ నమోదు రుసుము క్లర్క్‌దే. ప్రోవోస్ట్‌లూ బెయిలీలూ మారినా క్లర్క్ ఏళ్ల తరబడి కుర్చీలోనే ఉంటాడు, ఏ ఆస్తి ఎవరిదో తెలిసినవాడు అతనొక్కడే. చాలా పట్టణాల్లో అసలు బలం ఎవరి దగ్గర ఉండేదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

టోల్‌బూత్ ఒకే భవనంలో సభ మందిరం, కోర్టు, సుంకపు గది, జైలు. జైలు వల్ల సభకు వచ్చినంత నష్టం ఇంకెక్కడా రాలేదు. ఖైదీల్లో చాలామంది అప్పులు తీర్చనివారు. నాసిరకం తాళం వల్లనో, కాపలావాడి అలసత్వం వల్లనో అప్పుదారు పారిపోతే ఆ అప్పు పట్టణమే కట్టాలి. ఎక్కడెక్కడి రుణదాతలో తమ బాకీదారులను ఆ ఊరి టోల్‌బూత్‌లో పెట్టించి, అతను జారుకుంటే సభ మీద దావా వేసేవారు. కిటికీ ఊచలకూ తలుపు ఇనుప పట్టీలకూ సభలు పెట్టిన ఖర్చు వెనక ఉన్నది ఈ భయమే. తిండి పెట్టడం ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు 1696 చట్టం జవాబు చెప్పింది: తిండికి లేని అప్పుదారుడికి జైలులో పెట్టించినవాడే రోజుకింతని ఇవ్వాలి. పది రోజుల్లో ఒప్పుకోకపోతే ఖైదీని వదిలేస్తారు.

కాపలాకు జీతం లేదు. పాత చట్టాల ప్రకారం కాపలా కర్ర ఇంటింటికీ తిరుగుతుంది. కర్ర ఎవరి గుమ్మానికి వస్తే ఆ ఇంటి నుంచి వయసొచ్చిన మగమనిషి ఒకడు రెండు ఆయుధాలతో రాత్రి గంట మోగినప్పటి నుంచి తెల్లారేదాకా తిరగాలి. రాకపోతే 4 పెన్నీలు. విధవల ఇళ్లకు మినహాయింపు. శుభ్రతా ఇలాంటి వంతే, ఎవరి గుమ్మం ముందు వాళ్లు ఊడ్చుకోవాలి, పేడకుప్ప ఇన్ని రోజుల్లో తీసేయాలి. ఈ ఒక్క ఆజ్ఞ ప్రతి పట్టణంలోనూ లెక్కలేనన్నిసార్లు మళ్లీ జారీ అయింది. పేడ అంటే ఎరువు, దానికి ధర ఉంది, కుప్ప పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. జరిమానా కన్నా ఎరువు విలువ ఎక్కువైనప్పుడు ఆజ్ఞ ఎవడు వింటాడు?

ప్లేగు వచ్చినప్పుడు మాత్రం సభ మెతకగా లేదు. ద్వారాలు మూయడం, ఓడలను ఆపడం, సంతలు రద్దు చేయడం, జబ్బు దాస్తే కఠిన శిక్ష. 1530లో ఎడిన్‌బరోలో డేవిడ్ డూలీ అనే దర్జీ భార్యకు ప్లేగు వచ్చిన సంగతి దాచి చర్చికి వెళ్లాడని, అతని ఇంటి ముందే ఉరి తీయమన్నారు. తాడు తెగింది. దాన్ని దైవనిర్ణయంగా తీసుకుని ఊరి నుంచి వెళ్లగొట్టారు. రోగులను బరో మ్యూర్ బీటి మీది గుడిసెలకు పంపేవారు. ఇళ్లు శుద్ధి చేసే పనివాళ్లు 1568 నియమాల ప్రకారం తెల్ల సెయింట్ ఆండ్రూ శిలువ కుట్టిన బూడిదరంగు అంగీ వేసుకోవాలి, జనం దూరం నుంచే గుర్తుపట్టి తప్పుకోవడానికి. బట్టలు పెద్ద డేగిసాల్లో మరిగించేవారు. రోగం ఎలా అంటుతుందో తెలియకపోయినా, మనుషుల రాకపోకలు తెంచాలన్న పట్టుదల వాళ్లకు పనికొచ్చింది.

ఊరి పొలిమేర రాళ్లను ఏటా గుర్రాల మీద చుట్టి చూసి రావడం మరో పని. పొరుగు జమీందారు రాయి జరిపితే, ఎవరూ చూడకపోతే, కొన్నేళ్లకు ఆ బీడు అతనిదే. సెల్‌కర్క్, హావిక్, లానర్క్, లిన్లిత్‌గో పట్టణాల్లో అది ఇప్పటికీ ఊరేగింపుగా మిగిలింది.

పట్టణాల మధ్య వ్యవహారాలు రాయల్ బరోల కన్వెన్షన్, అంటే వాటి ప్రతినిధుల సభ, చూసుకునేది. దేశం మీద పడిన పన్నులో ఆరో వంతు పట్టణాలది. దాన్ని పట్టణాల మధ్య కన్వెన్షన్ పంచితే, పట్టణం లోపల ఇంటింటికీ మదింపుదారులు పంచుతారు. ఎడిన్‌బరో ఒక్కటే ఈ వాటాలో దాదాపు మూడో వంతు మోసింది. స్కాట్లాండ్‌నూ ఇంగ్లండ్‌నూ ఒకటి చేసిన 1707 యూనియన్ ఒప్పందంలోని 21వ అధికరణ ఈ పట్టణాల హక్కులను కదిలించలేదు. అప్పటికి అవి 66.

ఆ కదలకపోవడమే 18వ శతాబ్దంలో ముప్పు తెచ్చింది. ఊళ్లు పెరిగాయి, కొళాయిలు, దీపాలు, రేవులు, కొత్త వీధులు కావాలి. పన్ను వేసే అధికారం సభకు దాదాపు లేదు. కామన్ గుడ్ అద్దెలు ఎప్పుడో కరిగిపోయాయి. మిగిలింది అప్పు. లెక్క అడగాల్సినవాళ్లు కూడా సభ ఎన్నుకున్నవాళ్లే కాబట్టి అప్పు ఎంతయిందో బయటికి రాదు. డండీలో ప్రోవోస్ట్ వరసగా రెండేళ్లకు మించి ఉండకూడదన్న నియమం ఉండేది. అలెగ్జాండర్ రిడాక్ రెండేళ్లు కుర్చీలో, రెండేళ్లు పక్కన ఉంటూ 1819 దాకా దశాబ్దాల పాటు ఊరిని నడిపాడు. నియమం అక్షరాలా పాటించినట్టే. 1817లో అబర్దీన్ దివాలా తీసింది. 1819లో పార్లమెంటు కమిటీ పట్టణాల లెక్కలు తవ్వింది. లీత్ రేవు అప్పుతో ఎడిన్‌బరో 1833లో చేతులెత్తేసింది.

ఈలోగా పౌరులే పక్కదారి వెతుక్కున్నారు. అబర్దీన్‌లో 1795లో, గ్లాస్గోలో 1800లో, ఎడిన్‌బరోలో 1805లో పోలీస్ చట్టాలు తెచ్చుకున్నారు. ఇక్కడ పోలీస్ అంటే దొంగలను పట్టడం ఒక్కటే కాదు, దీపాలు, ఊడ్పు, వీధిరాళ్లు, కాపలా కూడా. దానికి ఇంటి అద్దె మీద పన్ను, ఖర్చు చూడటానికి ఇళ్లవాళ్లు ఎన్నుకున్న కమిషనర్లు. అంటే వంతుల స్థానంలో జీతాలు వచ్చాయి, అదీ సభ చేతుల మీదుగా కాకుండా. 1833 చట్టం ఏడాదికి 10 పౌండ్ల విలువైన ఇల్లున్నవారికి సభను ఎన్నుకునే ఓటు ఇచ్చింది. వర్తకుల, వృత్తుల గుత్తహక్కులు 1846లో పోయాయి. పట్టణ సభలు 1975 మే దాకా ఉండి, పెద్ద జిల్లా, ప్రాంతీయ కౌన్సిళ్లలో కలిసిపోయాయి.

కామన్ గుడ్ మాత్రం చట్టంలో ఇంకా బతికే ఉంది. ఏ పార్కు, ఏ టౌన్ హాలు, ఏ బీడు ఆ పాత ఆస్తి కిందికి వస్తుందో జాబితా రాసి జనం ముందు పెట్టాలని 2015 చట్టం కౌన్సిళ్లకు చెప్పింది. 16వ శతాబ్దపు కౌలు పత్రాల దుమ్ము దులపకుండా ఆ జాబితా పూర్తి కాదు. చాలాచోట్ల ఏ స్థలం ఎలా వచ్చిందో తేల్చడానికి పాత క్లర్కుల పుస్తకాలే ఆధారం.